ఊట దగ్గరికి వచ్చిన చేపలు

బషారత్‌కు ఆ వేసవంతా ఒకటే బెంగ. అతని గురువు, సూఫీ ఫకీరు మిస్కీన్ షా, జ్వరం నుంచి లేచారు గానీ ఏమీ తినడం లేదు. జావ కాచి ఇస్తే చెంచాతో కెలికి పక్కన పెట్టేస్తారు. ఒకనాడు మాత్రం, "వాగు చేప పులుసైతే తినబుద్ధవుతుందేమో" అన్నారు. శిష్యుడికి ఆ మాట చాలు.

మంచుకొండల నుంచి దిగే ఆ వాగులోని చేపలు చన్నీళ్ళలోనే బతుకుతాయి. ఆ ఏడు ఎండలకు వాగు చిక్కిపోయి నీళ్ళు వేడెక్కాయి. బషారత్ పొద్దున్నే గాలం పట్టుకుని ఎంత తిరిగినా ఒక్క చేపా కనబడలేదు. చివరికి రాళ్ళ సందులోంచి చల్లని ఊట వచ్చి వాగులో కలిసే చోట చూశాడు. చేపలన్నీ అక్కడే ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని, నోళ్ళు తెరుస్తూ మూస్తూ. నీళ్ళలో చెయ్యి పెట్టినా కదల్లేదు.

గాలం అక్కడే పారేసి, వల కోసం కుటీరానికి పరుగెత్తాడు.

"బాబా! మన పంట పండింది! చేపలన్నీ ఊట దగ్గరే ఉన్నాయి. వల వేస్తే ఒక్కటీ తప్పించుకోదు. మీకు పులుసు పెట్టగా మిగిలినవి చలికాలానికి ఎండబెట్టుకోవచ్చు!"

అంటూనే వసారాలో గురువుగారి మంచం పక్కనున్న నీళ్ళకుండ మీదికి వంగాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో పరుగెత్తి వచ్చాడేమో, పాపం నోరు పిడచకట్టుకుపోయింది.

మిస్కీన్ షా తన చేతికర్ర వంపును అతని చొక్కా మెడకు తగిలించి వెనక్కి లాగారు.

"దొరికావు!"

బషారత్ నవ్వి మళ్ళీ వంగాడు. కర్ర మళ్ళీ లాగింది. కూర్చునే ఓపిక లేని మనిషికి ఇంత చిలిపితనం ఎక్కణ్ణించి వచ్చిందో! ముచ్చటపడుతూనే ముంత ముంచాడు. ఈసారి లాగిన లాగుకు నీళ్ళన్నీ నేలపాలయ్యాయి.

"మీకు వేళాకోళంగా ఉంది, ఇక్కడ నాకు ప్రాణం పోతోంది! దాహమేసి నీళ్ళ దగ్గరికి వచ్చినవాణ్ణి పట్టుకోవడం కూడా ఒక గొప్పేనా బాబా?"

మిస్కీన్ షా కర్ర పక్కన పెట్టి, తనే ముంత నింపి అందించారు.

బషారత్ గటగటా తాగుతూ సగంలో ఆగిపోయాడు. చూరుకు వేలాడుతున్న వల వంక చాలాసేపు చూశాడు. దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు.

"మరి మీరేం తింటారు బాబా?" అన్నాడు.

ఆయన శిష్యుడి తల నిమిరారు.

"వానలు పడి వాగు చల్లబడనీ నాయనా. అప్పుడు నాకొక్క చేప పట్టుకురా. అందాకా అవీ ఉండాలి, నేనూ ఉండాలి. ఏదీ, ఆ జావ ఇటు ఇయ్యి."