మందిరం నిలిచింది

పడమటి దేశంలో, ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే కొండల నడుమ ఒక అడవి ఉండేది. ఆ అడవి మధ్య ఓ రాతి ప్రార్థనామందిరం. తోడేళ్ళ భయం, ఆకలితో మాడే చలికాలాలు ఉన్న రోజుల్లో తాతముత్తాతలు ఒక్కో రాయీ మోసి కట్టుకున్నది. అప్పట్లో వారంలో ఏడో రోజు, ప్రార్థనరోజు వచ్చిందంటే ఎలుగుబంటి మొదలు ఎలుక దాకా అందులోనే. చోటు చాలక ఉడతలు దూలాలెక్కి కూర్చునేవి.

తరాలు మారాయి. తోడేళ్ళు పోయాయి. అందరి కలుగుల్లోనూ గింజలు నిండాయి. ఏరు దాటినవాడికి తెప్పతో పనేముంది? చివరికి గురుపీఠం మీద దీర్ఘశృంగుడనే ముసలి పొట్టేలు, ఎదురుగా ముగ్గురే ముగ్గురు మిగిలారు: ధవళ అనే బాతు, చెవుడున్న తాబేలు, లోపల వెచ్చగా ఉంటుందని వచ్చే ముళ్ళపంది.

"దైవభక్తి మంటగలిసింది! ఏడో రోజు గడప దాటరు!" అని దీర్ఘశృంగుడు ఆ ముగ్గురి మీదే ఉరిమేవాడు.

"రానివాళ్ళ తిట్లు వచ్చినవాళ్ళం తినాలా గురువుగారూ?" అంది ధవళ ఒకనాడు. "మా ఆయన పోయి ఇరవై రోజులైంది. ఆయన పేర రెండు మంచిమాటలు చెబుతారని వచ్చాను."

"వచ్చేవారం చూద్దాంలే అమ్మా. ఇంత మందిరం ఖాళీగా కనిపిస్తుంటే నాకు మాట పెగలడం లేదు."

మర్నాడే ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరాడు.

"నమ్మకం లేకనా గురువుగారూ!" అంది ఎలుగుబంటి ఆవులిస్తూ. "తీరిగ్గా కునుకు తీసేది ఆ ఒక్కరోజే మరి."

"దేవుడు నా మనసులోనే ఉన్నాడండీ," అంది ఉడత. "ఇంట్లో ఉన్నవాణ్ణి చూడ్డానికి మంచులో అంత దూరం రమ్మంటారేం?"

"పిల్ల పుడితే వస్తున్నాం, పెళ్ళికి వస్తున్నాం, ఎవరైనా పోతే వస్తున్నాం. ఇంకెన్నిసార్లు రావాలి?" అంది గుర్రం.

ఎదురు తిరిగితే వాదించొచ్చు. ఇంత మర్యాదగా తప్పుకునేవాళ్ళని ఏమంటాడు? తల వేలాడేసుకుని వస్తుంటే వినయుడనే నక్క ఎదురైంది.

"మందిరం మూసేస్తున్నామని చాటించండి గురువుగారూ."

"మూయడమా? ముందు నువ్వు నోరు మూయి!"

"చాటించమన్నాను గానీ మూయమన్నానా? చచ్చిన గేదె కుండెడు పాలిచ్చేదట. పోతుందంటేనే లోకానికి విలువ తెలిసేది."

అబద్ధమాడటానికి మనసొప్పలేదు. అయినా నిండిన మందిరం కళ్ళ ముందు మెదిలింది. చాటించాడు.

మర్నాడు అడవి అడవంతా వాకిట్లో ఉంది. "నాకు పేరు పెట్టింది ఇక్కడే!" అని ఎలుగుబంటి భోరుమంది. "ఈ మందిర శిఖరం కనబడకపోతే నేను ఇల్లు చేరేదెట్లా?" అంది ఉడత. వినయుడు ఒక చెట్టుబెరడు పరిచి పైకి చదివాడు: "ఈ మందిరంలో ఒక్క రాయీ కదలరాదు. దీని ఆలనాపాలనా చూడ్డానికి వినయుణ్ణి నియమిస్తున్నాం."

దీర్ఘశృంగుడు పొంగిపోయి మొదటి గిట్టముద్ర తానే వేశాడు.

"ఇందులో ప్రార్థన ఊసే లేదేం?" అంది ధవళ.

"ఇంతమంది వచ్చిన శుభవేళ తప్పులు పట్టకమ్మా!" అన్నాడాయన. వెనక ముద్రల మీద ముద్రలు పడ్డాయి.

ఏడో రోజు కొమ్ములు తోముకుని, కొత్త ప్రవచనం సిద్ధం చేసుకుని పీఠమెక్కాడు. ఎదురుగా బాతు, తాబేలు, ముళ్ళపంది. పీఠం దిగి ఎలుగుబంటి ఇంటికి పరుగెత్తాడు.

"నిలబెట్టాంగా గురువుగారూ!" అంది అది పక్క మీంచి లేవకుండానే. "ఇక్కణ్ణించి చూసినా ఎంత నిండుగా ఉందో! ఇంకేం కావాలి?"

ఆ వారంలోనే వినయుడు పని మొదలుపెట్టాడు. రాయి ఒక్కటీ కదల్చలేదు, మాట తప్పలేదు. బల్లలు మాత్రం జరిపించాడు.

తరువాతి ఏడో రోజున దీర్ఘశృంగుడు వచ్చేసరికి వాకిటి నుంచి కాలిబాట దాకా బారులు. ఎలుగుబంటి, ఉడత, గుర్రం అందరూ ఉన్నారు. ఆయన గుండె ఉప్పొంగింది. దారి చేసుకుని పీఠం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పెద్ద గుండిగలో దుంపల చారు కుతకుతలాడుతోంది.

"జాగ్రత్త, కాలుతుంది," అన్నాడు వినయుడు. "మీరు వాకిట్లో నిలబడండి గురువుగారూ, పాతకాలపు కళ వస్తుంది. చారు తయారైనప్పుడల్లా గంట కొట్టాలి."

"మరి ప్రార్థన?"

"ముద్రలు దేనికి పడ్డాయో మీకు తెలియందా? మొదటిది మీదేగా."

దీర్ఘశృంగుడు చుట్టూ చూశాడు. "నా ముగ్గురేరీ?"

"ఇక్కడ చోటు చాలక తాబేలు ఇంటికి పోయారు. అక్కడే ఏదో చదువుకుంటున్నారట."

ఆయన తాబేలు ఇంటివైపు నాలుగడుగులు వేశాడు. మంచులో మూడే జాడలున్నాయి, ముందు బాతు పాదాలవి. అంతలో వెనకనుంచి ఎలుగుబంటి కేకేసింది: "గురువుగారూ, గంట కొట్టండి! అందరం మీకోసమే చూస్తున్నాం!"

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! దీర్ఘశృంగుడు ఆగాడు. జాడలవైపు ఒకసారి, బారులవైపు ఒకసారి చూశాడు. వెనక్కి వచ్చి తాడు పట్టుకున్నాడు.

వచ్చిన ముగ్గుర్నీ వదులుకుని రాని మూకకోసం పాకులాడినవాడికి చివరికి దక్కేది గంటతాడే.