గలగలలాడే అవిసె చేను

అనగనగా, పొద్దెక్కినా పొగమంచు వదలని ఒక అడవిలో మసెమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆ ఏడు వానలు వెళ్లాక మసెమ్మకు ఒంట్లో బాగుండలేదు. తిన్నది అరగదు. కడుపు రాయిలా బిగుసుకుపోతుంది. బొచ్చు పీచులా తయారైంది. చెట్టెక్కి తేనెపట్టు అందుకునే ఓపిక కూడా పోయింది.

అడవి అంచున, ఎప్పుడో మనుషులు విడిచివెళ్లిన ఊరొకటి ఉంది. గోడలన్నీ కూలిపోయాయి. ఆ ఊరి చేలో అవిసె మాత్రం తనంతట తానే మొలిచి కాసేది. గాలి లేకపోయినా అక్కడ ఎండుకాయలు గలగలమనేవి. ఆ చప్పుడుకు జడిసి జంతువులు అటు వెళ్లేవి కావు. చుక్కి అనే కౌజుపిట్ట ఒక్కతే అక్కడ ఉండేది.

మసెమ్మ బాధ చూసి చుక్కే ఆమెను చేను దగ్గరకు పిలిచింది.

"అక్కా, ఈ అవిసె గింజలు తిను. కడుపు తేలికపడుతుంది. ఊరికే మింగకు సుమా. మా పిట్టల పొట్టలో చిన్నచిన్న రాళ్లుంటాయి, గింజను అవే నూరుతాయి. నీకు లేవు కదా, బండ మీద నూరుకో. రోజుకి నాలుక మీద పట్టేంత పొడి చాలు. పైన బాగా నీళ్లు తాగు" అంది.

మసెమ్మ అలాగే చేసింది. కొన్నాళ్లకు కడుపు బిగువు తగ్గింది. బొచ్చు నల్లగా మెరిసింది. చెట్లెక్కడం మొదలుపెట్టింది.

ఒక ఉదయం మసెమ్మ చేలో ఒంటరిగా ఉంది. మంచులో కాయలు గలగలమన్నాయి. "ఇంకా... ఇంకా..." అన్నట్టు వినబడింది.

"చిటికెడు పొడికే ఇంత మేలైతే, కడుపునిండా తింటే ఇక ఏ జబ్బూ దగ్గరికి రాదు" అనుకుంది మసెమ్మ.

ఆ రోజు గుప్పెడు నూరుకుని తింది. ఏమీ కాలేదు. మర్నాడు నూరే ఓపిక లేక అలాగే నమిలింది. కడుపు కాస్త బరువెక్కింది, పట్టించుకోలేదు. ఆ మర్నాడు చేను మధ్యలో కూర్చుని, రెండు చేతులతో కాయలు దూసి దూసి మింగింది. వాగు దూరమని నీళ్లు కూడా తాగలేదు.

పొద్దు వాలేసరికి కడుపులో ఏదో ఉబ్బసాగింది. గింజలు ఒంట్లో తడినంతా పీల్చుకుని, జిగురు ముద్దలై, పేగుల్లో అడ్డం పడ్డాయి. గొంతు ఎండిపోయింది. పిలుద్దామంటే మాట రాలేదు. మసెమ్మ వాగు వైపు పాకింది. మంచులో చేతికి గట్టిగా ఏదో తగిలింది.

అది ఒక అడవిపంది ఎముకల గూడు. పక్కటెముకల మధ్య, కడుపు ఉండాల్సిన చోట, అవిసె మొక్కలు గుబురుగా, పచ్చగా మొలిచి ఉన్నాయి. మసెమ్మ తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అలికిడి విని చుక్కి వచ్చింది. "ఎంత తిన్నావక్కా?" అని అడిగింది. మసెమ్మ చేను వైపు చూపించింది.

చుక్కి వెంటనే ముందు నడిచింది. దారి చూపిస్తూ వాగు దాకా నడిపించింది. "ఒక్కసారిగా తాగకు. గుక్క గుక్కగా తాగు" అంది. ఆ నొప్పికి మసెమ్మ చాలా రోజులు మట్టిలో పొర్లింది. బతుకుతుందని చుక్కి అనుకోలేదు. చివరికి ఎలాగో కడుపు కదిలింది.

మాట వచ్చాక మసెమ్మ అడిగింది. "ఆ పంది సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా. చెబితే జడుసుకుని నువ్వు మందే మానేస్తావనుకున్నాను."

"చెప్పాల్సింది" అంది మసెమ్మ.

అవిసె మాత్రం మానలేదు. నాలుక మీద పట్టేంత పొడి, పైన నీళ్లు, అంతే. ఆ తర్వాత ఒకనాడు ముళ్లపంది ఒకటి కడుపు పట్టుకుని చేను గట్టుకు వచ్చింది. మసెమ్మ దాన్ని ముందు ఆ ఎముకల దగ్గరకు తీసుకువెళ్లింది. అది చూడాల్సినంత సేపు చూశాకే, నూరుకునే బండ చూపించింది.

నీతి: మేలు చేసే తిండి అయినా, తినాల్సినంత, తినాల్సిన తీరులో తింటేనే ఒంటికి మేలు.