పిలుపు వచ్చినవాళ్ళకు నీళ్ళు

తూర్పుకొండల్లో ఒక పొడవాటి గుహ ఉంది. జబ్బుపడ్డ జంతువులన్నిటికీ అదే ఆసుపత్రి. ముళ్లపంది పైడమ్మ అక్కడ నర్సు. ఆమెపైన పెద్దనర్సు, కొండముచ్చు ఎరకమ్మ.

ఆ వానాకాలం వాంతులూ విరేచనాలూ అడవంతా పాకాయి. తెల్లారేసరికి గుహ వాకిట్లో మంచు పేరుకునేది. అందులోంచి ఒక ఆడగొంతు ఎవరో ఒక రోగిని పేరుపెట్టి పిలిచేది. విన్న ప్రతివాళ్ళకూ అది చచ్చిపోయిన తమ తల్లి గొంతులాగే ఉండేది.

పిలుపు వచ్చిన రోగికి ఇక నీళ్ళు ఇవ్వకూడదు. ఇస్తే పిలిచినది లోపలికే వస్తుందని ఎప్పటినుంచో ఉన్న నమ్మకం. ఆ రోగిని వాకిట్లోకి జరిపి పడుకోబెట్టేవారు. పెదాలు పగిలి, కళ్ళు లోతుకు పోయి, సాయంత్రానికి ప్రాణం పోయేది. మర్నాటికి శవం కూడా ఉండేది కాదు.

ఒకరోజు రెక్క బెణికిన కొంగ ఒకటి దక్షిణపు చిత్తడినేలల నుంచి వచ్చి చేరింది.

"మా దగ్గరా ఇదే జబ్బు వచ్చింది," అంది కొంగ. "ఉప్పుమన్ను నాకించి, గుక్కగుక్కగా నీళ్ళు తాగించాం. నలభైమందిలో ముప్ఫైయెనిమిది మంది లేచి తిరిగారు. అంతకుముందు నీళ్ళు ఆపినప్పుడు సగం మంది పోయారు."

"ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగింది పైడమ్మ.

"ముగ్గురం, విడివిడిగా."

"జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్ళకే ఇచ్చారేమో?"

"కళ్ళు తేలేసినవాళ్ళకూ ఇచ్చాం. ఎవర్నీ వదల్లేదు."

ఆ మధ్యాహ్నం పైడమ్మ తన ముళ్ళు రాల్చి, ఒక్కో రోగిని తలుచుకుంటూ మట్టిగోడకు గుచ్చింది. నీళ్ళు అందిన పద్నాలుగు మందిలో పోయింది ఒక్కరు. పిలుపు వచ్చిన తొమ్మిదిమందీ పోయారు. ఆ తొమ్మిదిమందికీ నీళ్ళు అందలేదు. మరి చంపింది పిలుపా, దాహమా?

"అప్పా, ఈసారి పిలుపు వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చి చూద్దాం," అంది ఎరకమ్మతో.

"ఇరవై వానాకాలాల నుంచి ఈ చేతులతో చేస్తున్నాను. నిన్నొచ్చిన కొంగ నాకు నేర్పుతుందా?"

"కొంగ మాట ఒక్కటే కాదు. మన గోడ కూడా చూడు."

ఎరకమ్మ గోడ వైపు చూడలేదు. "మా చెల్లికి పిలుపు వచ్చినప్పుడు అది నీళ్ళడిగింది. సొరబుర్రలో నీళ్ళు నేనే పారబోశాను. నువ్వు చెప్పేది నిజమైతే దాన్ని నేనే చంపినట్టు కదే."

పైడమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఎరకమ్మ తల తిప్పి గోడమీది ముళ్ళను చూసి అంది, "రేపు ఇవ్వు. నేనూ దగ్గరే ఉంటాను."

మర్నాడు మంచులోంచి పిలుపు వచ్చింది. "సన్యాసీ... రా నాయనా."

దుప్పి సన్యాసి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎప్పటిలాగే అతన్ని వాకిట్లోకి జరిపారు, కానీ ఈసారి అక్కడే పైడమ్మ అతని నోట్లో ఉప్పునీళ్ళు పోసింది. గుక్కగుక్కకూ మంచు ఇంకో అడుగు లోపలికి జరిగినట్టు అనిపించింది. అయినా ఆపలేదు. సాయంత్రమైంది. సన్యాసి ఊపిరి ఆడుతూనే ఉంది.

రెండోరోజూ అదే పేరు పిలిచింది. మూడోరోజుకి ఆ గొంతు బొంగురుపోయింది. "ఇంకా పోలేదా నాయనా?"

"చచ్చినట్టు పడుకో. పలకొద్దు, కదలొద్దు," అని సన్యాసి చెవిలో చెప్పింది పైడమ్మ.

బయట ఏదో ముక్కు ఎగబీల్చింది. మంచు విడిపోయి, డొక్కలో ఎముకలు లెక్కపెట్టేంతగా ఎండిన, శవాలు తిని బతికే దుమ్ములగొండి లోపలికొచ్చింది. సన్యాసి మెడ దగ్గర నోరు తెరిచింది. సన్యాసి కొమ్ములతో ఒక్క విసురు విసిరాడు. పైడమ్మ వెనక్కి తిరిగి ముళ్ళన్నీ దాని మూతిలో దించింది.

"నీళ్ళెవరిచ్చారు?" అంది దుమ్ములగొండి. నోట్లోంచి నెత్తురు కారుతున్నా గొంతు తల్లిదే. "ఇవ్వొద్దని మీ అమ్మమ్మలకు చెప్పింది నేనే. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఎందుకని అడగలేదు."

అది ఏడుస్తూ లోయలోకి దిగిపోతుంటే లోపల ఒక్కొక్కరికీ తమ తల్లే ఏడుస్తున్నట్టు వినిపించింది. ఎవరూ కదలలేదు. ఎరకమ్మ మాత్రం సొరబుర్ర ఎత్తుకుని పక్క రోగి దగ్గరికి నడిచింది.

రోగికి చేసే ప్రతి పనినీ, దానివల్ల ఎందరు బతికారని అడిగి చూసుకోవాలి.