దోకని గుండు

ఏదైనా అడిగితే రంగమ్మవ్వ జవాబు చెప్పదు, పని చెబుతుంది. కొండ కింద ఆమె నడిపే మఠానికి శిష్యులుగా వచ్చినవాళ్ళలో సగంమంది ఈ అలవాటుకు జడిసే వెళ్ళిపోయారు. ఓబులేసు మాత్రం నల్లజుట్టుతో వచ్చి అది నెరిసేదాకా నిలిచాడు. అలాంటివాడు ఆ ఉదయం బట్టలు మూటగట్టుకుని అవ్వ ముందు నిలబడ్డాడు. కోపమేమీ లేదు. అలసిపోయాడు, అంతే.

"పోతాండా అవ్వా. ఇన్నేండ్ల సేవా బూడిదలో పోసిన పన్నీరే అయింది. నాలో ఏమీ నాటుకోలే. ఏంటికి నాటుకోలేదో ఒక్క మాట చెప్పు, పోతా."

అతను బద్ధకస్తుడని ఎవరూ అనలేరు. ఏటా ఉగాదికి తనను తాను తరచి చూసుకునేవాడు. మార్పేమీ కనబడకపోతే, అప్పటిదాకా చేసిన జపాన్ని అక్కడే వదిలేసి, తలస్నానం చేసి వచ్చి కొత్త మంత్రం అడిగేవాడు. అవ్వ కాదనేది కాదు. నిట్టూర్చి ఇచ్చేది.

"పోదువులే," అంది అవ్వ. "కొర్రలు కోతకొచ్చినాయి. పోతాపోతా బండ దోకిపో."

మఠం వెనక ఉన్న పరుపుబండే వాళ్ళకు కల్లం. వానలకు దాని మీద పాచి పడుతుంది. గింజలు ఆరబోసే ముందు దాన్ని దోకుడుపారతో గీకి తీయడం ఏటా ఓబులేసు పనే. పక్కనున్న రాతిగుండు మీద మొలిచిన జువ్విచెట్టు కొమ్మకు మూట తగిలించి పనిలోకి దిగాడు. వెళ్ళిపోయేవాడు ఎవడైనా పైపైన కానిస్తాడు, ఇతను ఆ రకం కాదు. పొద్దు నడినెత్తికెక్కేసరికి బండ కడిగిన కంచంలా అయింది. నడుము పట్టేసి జువ్వి నీడలో కూలబడ్డాడు.

అప్పుడు చూశాడు ఆ చెట్టు మొదలు. గుండు మీద నల్లటి పొర, దాని మీద పాచి, పాచిలో గడ్డి, గడ్డివేళ్ళు పట్టి ఉంచిన పిడికెడు మట్టి. ఆ మట్టిలోంచి జువ్వి. చూస్తుంటే అతనికి దుఃఖం ఆగలేదు.

"చూడవ్వా, దీనికెవరూ చెంబెడు నీళ్ళు పోయలే. దీనికి రాయి చాలింది. నాకు నువ్వుండీ చాలలేదు."

అవ్వ ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చుంది. "ఈ గుండును ఎవరూ దోకలేదా?"

"దీన్నేంటికి దోకుతారవ్వా? ఏటవాలు. గింజలు నిలవవు."

అతను గీకి కుప్పపోసిన పాచిలోంచి అవ్వ ఒక పెళ్ళ తీసి వేళ్ళతో విప్పింది. పాచి అడుగున వెంట్రుకల్లాంటి గడ్డిమొలకలు, ఇంకా తెల్లగా ఉన్నాయి. ఓబులేసు వంగి వాటిని వేలితో తాకాడు.

"ఇవి ఏటా మొలుస్తాండాయా అవ్వా?"

అవ్వ ఆ పెళ్ళను తిరిగి బండ మీద పెట్టి అరచేత్తో మెల్లగా అదిమింది.

"ఈ ఏడు కొర్రలు చాపల మీద ఆరబోసుకుందాంలే," అంది.