మోచేయి తడిసిందా?

కొండ కింది దర్గాలో అందరి వజూ అయిపోయేది, దస్తగిరిది తప్ప. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం ఎంతసేపటి పని? అతనికి మాత్రం తెమిలేది కాదు. మోచేయి కడిగేవాడు. తడవలేదేమో, నమాజు చెల్లదేమోనని మళ్లీ కడిగేవాడు. లోపల నమాజు మొదలై ముగిసినా, పాపం, ఇంకా నీళ్ల తొట్టి దగ్గరే ఉండేవాడు. వేళ్లు పగిలి నెత్తురు కారేది.

"ఛీ, ఏం మనిషివిరా నువ్వు" అని తనను తానే తిట్టుకునేవాడు. అలా తిట్టుకుంటూనే మళ్లీ చెంబు ముంచేవాడు.

ఒక సాయంత్రం బట్టలు మూట కట్టుకుని, తొట్టి గట్టు మీద కూర్చున్న గురువు హుసేనీ బాబా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పోతాను బాబా. ఇంత పాడు మనసు పెట్టుకుని ఇక్కడ ఎట్లా ఉండేది?"

బాబా పొమ్మనలేదు, ఉండమననూ లేదు. "మూట అక్కడ పెట్టు. నాకు వజూ చేయించి పోదువులే," అన్నాడు.

ముసలాయన చేతులకు వణుకు. రోజూ నీళ్లు పోసేది దస్తగిరే. ఆ వేళా పోశాడు. బాబా చేయి వణికి, దోసిట్లో నీళ్లన్నీ శిష్యుడి చొక్కా మీద పడ్డాయి.

"పర్లేదు బాబా, నిదానంగా కానివ్వండి," అంటూ దస్తగిరి ఆ చేతుల కింద తన చెయ్యి పెట్టాడు.

"నా చేయి వణికితే పర్లేదంటావు. నీ మనసు వణికితే ఛీ అంటావేం నాయనా?"

దస్తగిరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు నువ్వు కూర్చో," అని బాబా చెంబు అందుకున్నాడు. సగం నీళ్లు నేలపాలయ్యాయి. పగిలిన వేళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పసిబిడ్డకు లాల పోసినట్టు పోశాడు. ఆ వజూ అట్లాగే ముగిసింది.

లోపల నమాజుకు అందరూ లేస్తున్న చప్పుడు వినిపించింది. దస్తగిరి మోచేయి చూసుకున్నాడు.

"బాబా, ఇది తడిసిందంటారా?"

"ఏమో నాయనా."

"తడవకపోతే?"

అతని చేయి చెంబు మీదికి పోయింది. బాబా ఆ చేతిని పట్టుకున్నాడు. లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"భయంగా ఉంది బాబా."

"ఉండనీ. దాన్నీ వెంటబెట్టుకుని రా. చాప పెద్దదే, ముగ్గురికీ చోటుంటుంది."

దస్తగిరి లేచాడు. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. మూట సంగతి మరిచిపోయి, బాబా చేయి పట్టుకుని లోపలికి నడిచాడు.