రెండో నంబరు పలక

మృత్యుంజయశాస్త్రిగారికి ఒక అలవాటుండేది. పాఠం మొదలుపెట్టే ముందు ఎదుట కూర్చున్నవాళ్ళను ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కరినీ చూసేవారు. రోజూ వచ్చే ముఖాలే అయినా సరే, వచ్చింది ఒక్కడే అయినా సరే, ఆ చూపు పూర్తయితే గాని నోరు విప్పేవారు కారు. కొంటె శిష్యులు దీనికి ‘గురువుగారి హాజరుపట్టీ’ అని పేరు పెట్టుకుని చాటుగా నవ్వుకునేవారు. పెద్దాయనకు చూపు మందగించిందని, పాపం అందుకే అంతసేపు పడుతోందని జాలిపడ్డవాళ్ళూ లేకపోలేదు. అసలు సంగతి ఏమిటని ఆయన్ను అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఒక శుక్రవారం పొద్దున్నే విశ్వపతి వచ్చాడు. విజయనగరంలో బడిపంతులు, ముప్ఫై ఏళ్ళవాడు, బుద్ధిమంతుడు. చదివినదాన్ని గట్టిగా పట్టుకునే రకం. ఎదుటివాడు తప్పు చదివితే అన్నం సహించదు. ఆరోజు చంకలో ఒక లావుపాటి పురాణం పుస్తకం ఉంది. దాంట్లో నాలుగైదుచోట్ల కాగితం ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. దణ్ణం పెట్టి కూర్చున్నాడో లేదో, అడగనే అడిగాడు.

“అబద్ధం చెప్పేవాణ్ణి నలుగురిలో ఆపడం తప్పా గురువుగారూ?”

సంగతి ఇది. నేతవీధిలో జోగిదాసు అనే ముసలాయన శనివారం సాయంత్రాలు పురాణం చెప్తాడు. కళ్ళు దాదాపు పోయాయి కనుక నోటికి వచ్చిందే పురాణం. కన్నతల్లిని ఇంట్లోంచి గెంటేసిన కొడుకు కథ ఒకటి తరచుగా చెప్తాడు. పుస్తకంలో ఆ కొడుక్కు ఏ లోకంలోనూ నిష్కృతి లేదు. జోగిదాసు కథలో మాత్రం ఆ తల్లే నరకం వాకిలిదాకా నడిచివచ్చి, “పద నాయనా, ఆకలేస్తోందా” అని కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. విశ్వపతి అయిదు ప్రతులు వెతికాడు. ఒక్కదాంట్లోనూ ఆ తల్లి రాలేదు. రేపు సాయంత్రం సభలో లేచి, ఉన్నది ఉన్నట్టు చదివి, ఆ ముసలాయన నోరు మూయించాలని నిశ్చయించుకున్నాడు. అలా చేస్తే మర్నాటినుంచి జోగిదాసుకు ఆ వీధిలో గుక్కెడు గంజి కూడా పుట్టదని అతనికి తెలుసు. ఆ మాటా దాచుకోకుండా చెప్పాడు. అది మనసులో ముల్లులా ఉండబట్టే కదా అడగడానికి వచ్చింది.

శాస్త్రిగారు అంతా విన్నారు. అలవాటు ప్రకారం ఉన్న ఒక్క శిష్యుణ్ణీ తీరిగ్గా చూశారు.

“అక్కడ ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?” అన్నారు.

“ఎక్కడండీ?”

“జోగిదాసు ఎదురుగా.”

విశ్వపతి తడబడ్డాడు. మూడు శనివారాలు వెళ్ళాడు. ముసలాయన తప్పులు ఎంచి గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోయింది. “గమనించలేదండీ” అన్నాడు, అదొక పెద్ద సంగతి కానట్టుగా.

శాస్త్రిగారు మోకాలిమీద చెయ్యి ఊతం చేసుకుని లేచారు. లోపలినుంచి జానెడు చెక్కపెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. అందులో సన్నటి గాళ్ళు, గాళ్ళలో అరచేతిలో సగం ఉండే గాజుపలకలు, పలకల అంచున కాగితం అంటించి నంబర్లు. “బయస్కోపు పుట్టకముందు మా ఇంటి బయస్కోపు ఇదే” అన్నారు. తరవాత ఆయన చెప్పింది ఇది.

మృత్యుంజయం చిన్నతనంలో వాళ్ళ కాపురం భీమునిపట్నంలో. తండ్రి సుంకం కచేరీలో గుమాస్తా. ఓడరేవు సన్నగిల్లి తెల్లవర్తకులు ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుంటున్న రోజులవి. ఒక దొరగారి ఇంటి సామాను వేలంపాటలో తండ్రి ఒక మాయాలాంతరు పాడుకొచ్చాడు. రేకుతో చేసిన బుల్లి లాంతరు. లోపల కిరసనాయిలు దీపం, నెత్తిన పొగగొట్టం, ముందు ముక్కులా పొడుచుకొచ్చిన అద్దం. ఆ అద్దానికీ దీపానికీ మధ్య గాజుమీద వేసిన బొమ్మను దూరిస్తే, ఎదుటి తెల్లగుడ్డమీద నిలువెత్తున నిలబడుతుంది. చలిదేశాల్లో బయటికి పోలేని సాయంత్రాలు పిల్లల్ని ఇంటిపట్టున కూర్చోబెట్టడానికి అవి తయారుచేసేవారట. మన ఊళ్ళో చలెక్కడిది? అయినా పిల్లలకు ఆ లాంతరుంటే చాలు, ఇల్లు కదిలేవారు కారు.

దాన్ని ఆడించేది మృత్యుంజయం మేనత్త బంగారమ్మ. చిన్నతనాన భర్త పోయి, తమ్ముడి ఇంటికి వచ్చేసిన మనిషి. వీధిలో పిల్లలందరికీ బంగారత్తే. దీపాలు పెట్టేవేళ అరుగుమీద గోడకు తడిపిన పంచె బిగించి కట్టేది. బొమ్మను తలకిందులుగా పెడితేనే గుడ్డమీద నిటారుగా నిలుస్తుందన్న కిటుకు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. కాడ లాగితే ముక్కు సాగే దొర బొమ్మ ఒకటుండేది. ఆ ముక్కు సాగినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వేవారు, ఎన్నోసారైనా సరే. కానీ అందరూ కాచుకుని కూర్చునేది చివర వచ్చే పడవవాడి కథకోసం.

అది పన్నెండు పలకల కథ. తండ్రి పడవెక్కి సముద్రంమీదికి పోతాడు, తుఫాను వస్తుంది, పెళ్ళాం కిటికీలో దీపం పెట్టుకుని ఎదురుచూస్తుంది. ఆఖరున పడవ తిరిగొస్తుంది. బంగారత్త గాలిహోరు నోటితో చేసేది, మధ్యలో ఆపి పిల్లల ముఖాలు చూసేది, మళ్ళీ అందుకునేది. పడవ రాగానే అరుగంతా ఈలలు, చప్పట్లు.

ముందు వరసలో నూకాలు అని తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చునేది. పడవలమీద బతికే ఇంటి పిల్ల. వాళ్ళ నాన్న ఎర్రయ్య స్టీమరెక్కి బర్మాలో రంగం రేవుకు పోయి నాలుగేళ్ళు. ఆ పిల్ల తన పక్కన ఒక చిన్న తువ్వాలు పరిచి ఎవరినీ అక్కడ కూర్చోనిచ్చేది కాదు. “ఈడ మా అయ్య కూకుంటాడు, తొక్కకండి” అనేది. పిల్లలు కూడా ఆ తువ్వాలును దాటిపోయేవారే గాని తొక్కేవారు కారు.

మృత్యుంజయం విజయనగరంలో ఎఫ్.ఎ. చదువుతూ ఇరవయ్యో ఏట సెలవులకు ఇంటికొచ్చాడు. కాలేజీ ఇంగ్లీషు అప్పుడే తలకెక్కిన కుర్రాడు. ఎక్కడ చదవదగ్గ కాగితం దొరుకుతుందా అని చూస్తున్నాడు. లాంతరు పెట్టె అడుగున, ఎవరూ ముట్టని చిన్న ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పలకకు రెండేసి పంక్తుల చొప్పున కథ అందులో ఉంది. చదువుకుని, ఆ సాయంత్రం తను కూడా వెళ్ళి పిల్లల వెనకాల కూర్చున్నాడు.

కూర్చున్నకొద్దీ ఒళ్ళు మండింది. అత్త కొన్ని పలకలు అసలు వెయ్యనే లేదు. వేసినవాటికి వరస లేదు. ఆఖరికి పడవ తిరిగొచ్చిన పలక ఏమిటని చూస్తే, మొదట్లో పడవ బయలుదేరినప్పుడు వేసిన రెండో నంబరు పలకే. దాన్నే వెనక్కి తిరగేసి పెట్టింది! ఆ అరుగుమీద గోడకు ఎదురుగా కూర్చుంటే కుడిపక్క సముద్రం, ఎడమపక్క ఊరు. సరిగ్గా పెడితే పడవ కుడికి, సముద్రంమీదికి పోతుంది. తిరగేస్తే ఎడమకు, ఊళ్ళోకి వస్తుంది. పడవలో మనిషి ముఖం కనపడనంత చిన్నవాడు. ఎత్తిన చెయ్యి ఒక్కటే తెలుస్తుంది. ఆ చెయ్యి వెళ్ళొస్తానంటోందో, వచ్చేశానంటోందో ఎవరు చెప్పగలరు?

“అత్తా, పలక తిరగబడింది” అంటూ లేచాడు మృత్యుంజయం.

“ఉండనీరా” అంది బంగారత్త.

“ఉండనీయడమేమిటి? తప్పు కదూ!” అని తనే వెళ్ళి పలక లాగి సరిగా పెట్టాడు. గుడ్డమీద పడవ ఊరివైపునుంచి సముద్రంవైపుకు తిరిగింది. చప్పట్లు కొట్టబోతున్న చేతులు అలాగే ఆగిపోయాయి. అతను పుస్తకం తీసి, నంబర్ల వరసన, అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేసి చదివాడు. పన్నెండో పలక పెట్టెలో లేదు. లేకపోతేనేం, పుస్తకంలో మాట ఉంది కదా. ఒడ్డుకు తెడ్డు ఒక్కటే కొట్టుకొచ్చిందని, పడవ మళ్ళీ రాలేదని, ఆ ఆఖరి రెండు పంక్తులూ కూడా చదివేశాడు.

అప్పుడు నూకాలు అడిగింది.

“అయితే మా అయ్య రాడేటి బాబూ?”

మృత్యుంజయానికి ఆ పిల్ల ఎవరో తెలియదు. “ఇది కథ పిల్లా, మీ అయ్య సంగతి నాకేం తెలుసు” అన్నాడు. నూకాలు ఏడవలేదు. పక్కనున్న తువ్వాలు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని అరుగు దిగి వెళ్ళిపోయింది.

బంగారత్త దీపం ఆర్పింది. పంచె విప్పి పిండింది. తిడుతుందేమోనని అతను సమాధానాలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు గాని, ఆవిడ తిట్టలేదు.

“ఒకటి నుంచి పన్నెండుదాకా లెక్కపెట్టడం నాకు రాదనుకున్నావురా?” అంది.

తరవాత పంచె ఆరేస్తూ మెల్లిగా చెప్పింది. ఎర్రయ్య జ్వరమొచ్చి రంగంలోనే పోయాడని, తోడు వెళ్ళినవాడు రెండేళ్ళకిందటే వచ్చి కబురు చెప్పాడు. నూకాలు తల్లి ఈ అరుగుకిందే కూర్చుని, “దానికి చెప్పడానికి నా నోరు పెగల్దు తల్లీ, మీరే ఎలాగో నెమ్మదిమీద చెప్పండి” అని కాళ్ళు పట్టుకుంది. మొదటి ఏడు బంగారత్త పడవ పోవడం, పడవ రావడం, అంతే చూపించింది. రెండో ఏడు తుఫాను పలక కలిపింది. ఈ ఏడు కిటికీలో దీపం కలిపింది. పిల్ల ఆ దీపాన్ని తట్టుకుందో లేదో అని రోజూ ముఖం చూస్తూనే ఉంది. పన్నెండో పలక తన ట్రంకుపెట్టెలో చీరల అడుగున భద్రంగా ఉంది.

“వచ్చే ఏటికి దానికి పదేళ్ళు నిండుతాయి. అప్పుడు నేనే తిప్పేదాన్నిరా పడవని” అంది.

ఇంతవరకు చెప్పి శాస్త్రిగారు పెట్టె మూతమీద చెయ్యి వేశారు. విశ్వపతి అడిగాడు.

“తరవాత ఆ పిల్ల ఏమైందండీ?”

“ఏమీ కాలేదు. పెరిగింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. బజార్లో కనిపిస్తే దణ్ణం కూడా పెట్టేది. మా అరుగు మాత్రం మళ్ళీ ఎక్కలేదు.” ఆయన పెట్టె మూత తీశారు. “ఆ సాయంత్రం నేను చదివినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు నాయనా. నా చదువులో తప్పు పట్టడానికి యాభై ఏళ్ళుగా వెతుకుతున్నాను. దొరికితే బాగుండును.”

కాగితం ముక్కలు పెట్టిన పుస్తకం విశ్వపతి ఒళ్ళో బరువుగా ఉంది. నేతవీధిలో ముందు వరసను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. స్తంభానికి ఆనుకుని తలవంచుకు కూర్చునే నడివయసు మనిషి ఒకడు లీలగా మెదిలాడు. తల్లి నరకం వాకిట్లోకి వచ్చే ఘట్టంలో ఆ మనిషి కండువా ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. చెమట తుడుచుకుంటున్నాడని అనుకున్నాడు అప్పుడు. ఎవరతను? ఇంట్లో అతని తల్లి ఉందో లేదో!

శాస్త్రిగారు పెట్టెలోంచి ఒక పలక తీసి అతని చేతికిచ్చారు. రెండో నంబరుది. విశ్వపతి దాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూశాడు. ఎర్రటి తెరచాప, చిన్న మనిషి, ఎత్తిన చెయ్యి. ఒకసారి తిప్పాడు, పడవ వచ్చింది. మళ్ళీ తిప్పాడు, పడవ పోయింది.

“దీనికి సరైన వైపు ఏది గురువుగారూ?”

“అంచుమీద నంబరు రాసే ఉంది, నువ్వు చదవగలవు” అన్నారు శాస్త్రిగారు. “పెట్టబోయేముందు ఎదుట ఎవరు కూర్చున్నారో చూసుకో.”