తిప్పమ్మ కొసరు

తిప్పమ్మ మూడో పిలుపు కోసం ఆగింది. ఆ పిలుపు రాలేదు. జరిగిన తప్పు ఇదే. ఎటు తిప్పి చెప్పినా కథ ఇక్కడికే వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తే మంచిది.

అడవికీ ఊరికీ మధ్య ఇంకా ఎవరూ హద్దురాయి పాతని కాలం. కొండ కింద ఒక ఊరు. ఊరి పక్కన పారే ఒక వంక. వంక దాటితే మనిషెత్తు బోద గడ్డి. ఆ బోదకు అవతల, ఎద్దుల బాట పక్కన, ఒంటరిగా ఒక ఉప్పు కొట్టు. అది తిప్పమ్మది. సముద్రం వైపు నుంచి ఉప్పు మోసుకొచ్చే ఎద్దులు వంక దిగేవి కావు. గోనెలు అక్కడే దించేసి తిరిగి పోయేవి. అందుకని తిప్పమ్మ మొగుడు అక్కడే కొట్టు కట్టాడు. కట్టిన మరుసటి ఏడే జ్వరమొచ్చి పోయాడు. కొట్టు మిగిలింది, ఉప్పు మిగిలింది, తిప్పమ్మ మిగిలింది.

ఊరివాళ్ళు ఆ కొట్టుకు పోవాలంటే మూడు దాటాలి. వంక దాటాలి. బోద దాటాలి. భయం దాటాలి.

వంకలో నీళ్ళు మోకాళ్ళ లోతే. బోదలో కాలిబాట ఉంది. దాటలేనిది మూడోదే. బోద దగ్గర మేకలు మాయమయ్యేవి. చిరుత అన్నారు కొందరు. దయ్యం అన్నారు కొందరు. దయ్యం మనిషి గొంతుతో పిలుస్తుందనీ, కానీ రెండుసార్లకు మించి పిలవదనీ, మూడోసారి పిలిచేది మనిషేననీ ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. పొద్దుగూకాక ఎవరు పిలిచినా మూడో పిలుపుకే పలకాలి. కన్నతల్లి పిలిచినా అంతే.

అందుకే ఊరి ఆడవాళ్ళు చవిటి మట్టి నానబెట్టి, ఆ నీళ్ళు కాచి, ఇంట్లోనే ఉప్పు చేసుకునేవాళ్ళు. అది చేదు. "పప్పు చేదుగా ఉందేమే" అని మొగుడు అంటే, "మంచి ఉప్పు కావాలంటే బోద దాటి నువ్వే తెచ్చుకో" అనేది పెళ్ళాం. మొగుడు ఆ చేదు పప్పే తినేవాడు.

వానలు పట్టుకున్నాయి. అమ్ముడుపోని ఉప్పు నీరుకారి గోనెల కింద నుంచి గడప దాకా పారింది. ఆ తడిని చూసి తిప్పమ్మకు గుండె జారింది. ఈ కొట్టు పోతే ఆమెకు పుట్టింట్లో చోటు లేదు, అత్తింట్లో చోటు లేదు. ఒక పొద్దున కొంగు నడుముకు బిగించి వంక దాటి ఊళ్ళోకి వచ్చింది.

ఊరి చివర కుమ్మరి ఓబులు ఇల్లు. అతని పక్కనే రంగప్ప గానుగ. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది.

"ఓబులన్నా, కుండ కొన్నవాళ్ళకు కొసరు ఏమిస్తావు?"

"మూకుడు. అదీ చాలాసేపు పోట్లాడితే."

"ఇక నువ్వివ్వద్దు. రంగప్పన్న గానుగ దగ్గర చారెడు నూనె తీసుకోమని పంపు."

ఓబులు పగలబడి నవ్వాడు. "రంగప్ప ఇస్తాడా! ఈగ వాలితే దాని కాళ్ళకంటిన నూనె కూడా తుడుచుకుంటాడు."

"సరేలేవయ్యా, నీ మూకుళ్ళ సంగతి నాకు తెలీదా" అన్నాడు రంగప్ప. "మరి నా నూనె కొన్నవాళ్ళకు కొసరేది, తిప్పమ్మా?"

"నా కొట్లో దోసెడు ఉప్పు."

"నీ ఉప్పు కొన్నవాళ్ళకు?"

"ఓబులన్న దగ్గర మూకుడు."

"అంటే జనం నా గానుగెద్దు లాగా మన చుట్టూ తిరుగుతుంటారన్నమాట."

"తిరగనీ అన్నా. ఎద్దు తిరిగితేనే కదా నూనె కారేది."

అలా కుదిరింది. కొసరంటే ఆశ ఎవరికి లేదు? కుండకు పోయినవాళ్ళు నూనెకు పోయారు. నూనెకు పోయినవాళ్ళు ఉప్పుకు పోయారు. ఎండ ఉండగానే పదిమంది కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. వంక దాటారు. బోద దాటారు. భయాన్ని దాటామనుకున్నారు. ఊళ్ళో పప్పు రుచి మారింది. తిప్పమ్మ గడప ఆరింది.

కొసరు ఎవరివ్వాలో ముగ్గురూ మాట్లాడుకున్నారు. ఎంతివ్వాలో మాట్లాడుకున్నారు. కొసరు కోసం ఒంటరిగా పోయే మనిషికి తోడెవరో మాత్రం మాట్లాడుకోలేదు.

ఆ ఊళ్ళో గిడ్డమ్మ అని ఒక అత్తగారు. కొత్త కోడలి పేరు చెన్ని. ఒక సాయంత్రం గిడ్డమ్మ కోడలి చేతికి ముంత ఇచ్చి, "నూనె తీసుకురా. ఉప్పు కొసరు లేకుండా మాత్రం ఇంటికి రాకు" అంది. గానుగ దగ్గర ఆలస్యమైంది. ముంత నిండేసరికి పొద్దు కొండ వెనక్కి వాలింది. చెన్ని వంక వైపు తిరగడం రంగప్ప చూశాడు. ఒక్కదానివే పోతున్నావా అని అడగలేదు.

అవతల తిప్పమ్మ అప్పుడే తలుపుకు అడ్డగడియ వేసింది.

"పెద్దమ్మా!"

సన్నటి గొంతు. బిగబట్టి పిలిచిన గొంతు. తిప్పమ్మ చెయ్యి గడియ మీదకు పోయి అక్కడే ఆగింది.

"పెద్దమ్మా!"

రెండు అయ్యాయి. మూడోసారి పిలిస్తే తీద్దాం అనుకుంది తిప్పమ్మ. పిలవమ్మా, ఇంకొక్కసారి పిలువు. బయట బోద గరగరమంది. ఎండుటాకుల మీద ఏదో ఈడ్చినట్టు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

తెల్లవారి చూస్తే గడపకు కొంచెం దూరంలో ముంత పగిలి ఉంది. ఇసుకలో నూనె ఇంకిపోయింది. చుట్టూ చిరుత అడుగులు. చెన్ని బోదలో దొరికింది. ఎలా దొరికిందో చెప్పను, పిల్లలు వింటున్నారు.

ఊరంతా వంక దగ్గర చేరింది. పిలుపు సంగతి తిప్పమ్మకు తప్ప ఎవరికీ తెలీదు. నోరు మూసుకుంటే అది ఆమెతోనే పోయేది. తిప్పమ్మ అందరి ముందూ నిలబడి చెప్పింది: "రెండుసార్లు పిలిచింది. విన్నాను. తలుపు తీయలేదు."

"మూడోసారి పిలవలేదు కదా, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నారు కొందరు.

"బోదలో ఉన్నది వింటుందని ఆ పిల్ల భయపడి ఉంటుంది. దానికి భయం. నాకు భయం. నాకు తలుపుంది, దానికి లేదు" అంది తిప్పమ్మ.

గిడ్డమ్మ ఇంటిదారి పట్టింది.

ఆ రోజు నుంచి వంక ఎవరూ దాటలేదు. ఊళ్ళో మళ్ళీ చవిటి మట్టి కాచారు. తిప్పమ్మ ఓబులు దగ్గరికి, రంగప్ప దగ్గరికి వచ్చింది.

"కొసరు ఆపితే నేను పోతాను. ఇలాగే సాగితే ఇంకొకరు పోతారు. ఇక మీదట పంపినవాళ్ళే వెంట నడవాలి. ఎండైనా, చీకటైనా. ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు మనమే దిగబెట్టాలి."

"నేను నడిస్తే నా సారె ఎవరు తిప్పుతారమ్మా?" అన్నాడు ఓబులు.

రంగప్ప తల దించుకున్నాడు. "నాకూ ప్రాణమే కదా తిప్పమ్మా. ఆ బోదలోకి నేను రాలేను."

తిప్పమ్మ ఒంటరిగా తిరిగి వెళ్ళింది. వెళ్తూనే అడ్డగడియ పీకి బోదలోకి విసిరేసింది. ఇక తలుపు ఊరికే చేరవేసి కూర్చోవడమే.

కొన్నాళ్ళకు, పొద్దుగూకే వేళ, బయట పిలుపు.

"తిప్పమ్మా!"

గొంతు మనిషిదో కాదో తెలీదు. తిప్పమ్మ కాళ్ళు వణికాయి. రెండో పిలుపు రాకముందే తలుపు తీసింది.

గడప ముందు గిడ్డమ్మ, ఖాళీ చేతులతో.

"నా కోడలు రెండుసార్లు పిలిచిందన్నావు. నేను ఒక్కసారే పిలుద్దామనుకున్నా. తీస్తావో తీయవో చూద్దామనే వచ్చా."

"తీయకపోతే?"

"ఇక్కడే కూర్చునేదాన్ని. రావాల్సింది వచ్చేది."

తిప్పమ్మ గోనె విప్పింది. గిడ్డమ్మ ఒళ్ళో దోసెడు ఉప్పు పోసింది. దివిటీ వెలిగించింది. "పద, దిగబెడతాను."

ఒక దివిటీ, ఇద్దరు ఆడవాళ్ళు. బోదలో అడుగు పెట్టగానే పక్కన గడ్డి కదిలింది. వాళ్ళు నడిస్తే కదిలింది. వాళ్ళు ఆగితే ఆగింది. ఒకచోట దివిటీ వెలుగుకు రెండు కళ్ళు పచ్చగా మెరిశాయి.

"పరిగెత్తుదామా?" అంది గిడ్డమ్మ.

"వద్దు. మాట్లాడు. ఏదో ఒకటి గట్టిగా మాట్లాడు."

"ఉప్పు లేకుండా రావద్దన్నది నేనే" అంది గిడ్డమ్మ. గట్టిగా అంది. అడుగడుక్కీ అదే మాట అంది. తిప్పమ్మ పక్కనే నడుస్తూ, "తలుపు తీయనిది నేనే" అంది. అలా అరుచుకుంటూ బోద దాటారు. వంక దాటారు. ఆ పచ్చటి కళ్ళు గట్టు దాకా వచ్చి నిలిచిపోయాయి.

గానుగ దగ్గర నిలబడిన రంగప్ప ఆ అరుపులన్నీ విన్నాడు. ఒక్కదానివే పోతున్నావా అని అడగనిది తనేనని అతనికి తెలుసు. గోడకున్న దివిటీ నూనెలో ముంచాడు. "తిప్పమ్మా, నువ్వు తిరిగి పోవాలి కదా, నేను దిగబెడతాను" అన్నాడు. పక్కింట్లో సారె ఆగింది. ఓబులు చేతుల మట్టి పంచెకు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"నేనూ వస్తా. ఈ గానుగోడు మధ్యలో భయపడితే ఎత్తుకొచ్చేదెవరు?"

ఆ తర్వాత రోజూ సాయంత్రం బోదలో దివిటీలు నడిచాయి. మనుషుల గొంతులు నడిచాయి. చిరుత కొండెక్కిపోయింది. కొట్టు నిలబడింది.

ఇప్పుడు అక్కడ బోద లేదు, బజారు ఉంది. ఆ బజారులో ఏ కొట్టువాడూ పక్క కొట్టును వేలితో చూపించడు. గడప దిగి, బేరానికి వచ్చిన మనిషి వెంట అక్కడి దాకా నడుస్తాడు. ఆ నడకను తిప్పమ్మ కొసరు అంటారు. బయట ఎవరైనా పిలిస్తే ఆ ఊళ్ళో మూడో పిలుపు దాకా ఎవరూ ఆగరు.

తిప్పమ్మ ముసలిదై, ఆ కొట్టులోనే పోయింది. పోయేదాకా ఆ తలుపుకు గడియ పెట్టలేదు. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచింది. భయం పోయిందనుకోకండి. ప్రతిసారీ కాళ్ళు వణికాయి. ప్రతిసారీ తలుపు తీసింది.